ఎడమకి లాగే బండే గెలుస్తుంది: ఓవల్ ట్రాకు మీద ట్రక్కు రేసు

నెల్లూరు ఆటోనగర్‌లో వీల్ అలైన్‌మెంట్ మేస్త్రి దగ్గరికి బండి ఎందుకు పోతుంది? స్టీరింగు వదిలితే ఒక పక్కకి లాగుతోందనో, టైరు ఒక అంచే అరిగిపోతోందనో, వెనకనించి చూస్తే బండి ఒంకరగా నిలబడుతోందనో. ఆయన పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ ఒంకరలు తీస్తూనే ఉంటాడు. అమెరికాలో నాస్కార్ అనే రేసింగు సంస్థ నడిపే ట్రక్కు సిరీస్‌లో మెకానిక్కులు సరిగ్గా దీనికి ఎదురు పని చేస్తారు. కుడి టైరు పెద్దది, ఎడమ టైరు చిన్నది. ఎడమ పక్క బరువు ఎక్కువ. ముందు చక్రాలు రెండూ ఎడమకే వాలి ఉంటాయి. నాలుగు చక్రాల్లో నాలుగు రకాల గాలి. అట్టాంటి బండిని మన హైవే మీదికి తెచ్చి స్టీరింగు వదిలితే కావలి దాకా ఎందుకు, నెల్లూరు దాటకముందే ఎడమ పక్క పొలాల్లోకి దిగుతుంది. ఓవల్ అంటే కోడిగుడ్డు ఆకారపు రేసు ట్రాకు, దాని మీద తిరిగే దిక్కు ఒక్కటే, ఎడమ. కాబట్టి తిన్నగా నిలబడే బండి అక్కడ ఓడిపోయే బండి.

ముందు బండి సంగతి. ట్రక్కు అనగానే మనకి లారీ గుర్తొస్తుంది. 2014 నుంచి కొన్నేళ్ళు గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ మీద టాటా ప్రైమా లారీలతో పోటీలు జరిగాయి, అవి అచ్చం లారీలే. నాస్కార్ ట్రక్కు అట్ట కాదు. ఇనుప గొట్టాలు వెల్డింగు చేసి కట్టిన చట్రం, దాని మీద పికప్ ట్రక్కు ఆకారంలో తొడుగు. షెవర్లే సిల్వరాడో, ఫోర్డ్ ఎఫ్-150, టయోటా టండ్రా ముఖాలు కనపడతాయి. 2026 సీజనుతో రామ్ కూడా తిరిగొచ్చింది. ముఖం తప్ప షోరూములో అమ్మే బండికీ దీనికీ చుట్టరికం ఏమీ లేదు. మొదటి రేసు 1995 ఫిబ్రవరి 5న ఫీనిక్స్‌లో జరిగింది. అది గెలిచిన మైక్ స్కిన్నరే ఆ ఏడాది ఛాంపియను కూడా. తొలి ఏళ్ళలో రేసు మధ్యలో ఆపి విరామం ఇచ్చేవాళ్ళు, టైర్లు మార్చడం, రిపేర్లు అన్నీ అప్పుడే. రేసు నడుస్తుండగానే పక్క దారిలోకొచ్చి పరుగు మీద టైర్లు మార్చి పెట్రోలు పోసుకునే పిట్ స్టాపులు ఆ తర్వాత వచ్చినవి.

ఇంజను గురించి లారీ వాళ్ళకి ఒక మాట చెబితే చాలు. నాస్కార్ జట్లు తయారు చేసుకునే వీ8 ఇంజను 358 క్యూబిక్ అంగుళాలు, అంటే 5.87 లీటర్లు. మన టాటా 2518లో ఉన్న కమిన్స్ ఇంజను 5883 సీసీ. రెండూ దాదాపు ఒకటే. కమిన్స్ 2500 ఆర్‌పీఎం దగ్గర ఆగిపోయి 180 హార్స్‌పవర్ ఇస్తుంది, పాతిక టన్నులు లాగుతుంది, లక్షల కిలోమీటర్లు తిరుగుతుంది. రేసు ఇంజను పెట్రోలు మీద ఎనిమిది వేల ఆర్‌పీఎం దగ్గర్లో గంటలకొద్దీ తిరిగి 600 పైన ఇస్తుంది. కొద్ది రేసులు కాగానే మొత్తం విప్పేయాల్సిందే. 2018 నుంచి చాలా జట్లు ఇల్మోర్ కంపెనీ 6.5 లీటర్ల ఇంజనునే అద్దెకి తెచ్చుకుంటున్నాయి. దానికి సీలు ఉంటుంది, జట్టు మెకానిక్కు లోపల వేలు పెట్టకూడదు. ఇంజనులో తేడా తీసే దారి మూసేస్తే మిగిలేది ఏంది? చట్రం, స్ప్రింగులు, టైర్లు. రేసు తేలేది అక్కడే.

వెనక యాక్సిల్ మన లారీలాగే ఒకే కడ్డీ, విడివిడిగా ఊగే రకం కాదు. కమాను కట్టలు లేవు, కాయిల్ స్ప్రింగులు. యాక్సిల్‌ని ముందుకీ వెనక్కీ కదలకుండా పట్టేవి రెండు పొడుగాటి చేతులు. ఆ డిజైను 1960ల షెవర్లే పికప్ నుంచి వచ్చింది, అందుకే వాటి పేరు ట్రక్ ఆర్మ్స్. విచిత్రం ఏందంటే, అవి దశాబ్దాల పాటు నాస్కార్ కార్లలో కూడా వాడారు. 2022లో పెద్ద సిరీస్ కార్లు వాటిని వదిలేశాయి, ట్రక్కులు మాత్రం వదల్లేదు. పక్కకి కదలకుండా పట్టే అడ్డ కడ్డీ ఇంకోటి ఉంటుంది, ట్రాక్ బార్. దీని పని కింద వస్తుంది.

ఓవల్ మలుపు బల్లపరుపుగా ఉండదు, లోపలికి వాలి ఉంటుంది. డేటోనా అనే పెద్ద ట్రాకులో ఆ వాలు 31 డిగ్రీలు, మార్టిన్స్‌విల్ అనే అరమైలు ట్రాకులో 12. వాలు ఏం చేస్తుందో ఇంటర్ ఫిజిక్స్ చదివినవాళ్ళు కాగితం మీద వేసుకోవచ్చు: వేగం వర్గం అంటే వ్యాసార్థం, 9.81, వాలు కోణం టాన్, ఈ మూడింటి గుణకారం. డేటోనా మలుపు వ్యాసార్థం వెయ్యి అడుగులు, 305 మీటర్లు. లెక్క వేస్తే గంటకి 150 కిలోమీటర్ల పైచిలుకు. ఆ వేగంలో టైరు పక్కకి పట్టు పట్టాల్సిన పనే లేదు, వాలే బండిని తిప్పేస్తుంది. మార్టిన్స్‌విల్ మలుపు వ్యాసార్థం సుమారు 60 మీటర్లు. అక్కడ అదే లెక్క 40 దగ్గర ఆగిపోతుంది. మిగతాదంతా టైరు మోయాలి.

డేటోనాలో ట్రక్కు తిరిగేది 290 దగ్గర. ఆ వేగానికి మళ్ళీ లెక్క వేస్తే బండి రోడ్డు మీద నొక్కే బలం దాని బరువుకి దాదాపు రెట్టింపు వస్తుంది. 1500 కిలోలు దాటిన బండి మలుపులో మూడు టన్నుల బండిలా స్ప్రింగుల మీద కూర్చుంటుంది. అందుకే గ్యారేజీలో ఎత్తు కొలిచి సరిపోయిందనుకుంటే చాలదు. మలుపులో కూర్చున్నాక ఎంత ఎత్తులో ఉంటుందన్నది అసలు కొలత.

ఇప్పుడు బరువు. మన కాటా మీద లారీ ఎక్కితే ఒకే అంకె వస్తుంది. రేసు జట్టు నాలుగు చక్రాల కింద నాలుగు చిన్న కాటాలు పెడుతుంది. లెక్క కోసం అంకెలు వేసుకుందాం: ముందు ఎడమ 415 కిలోలు, ముందు కుడి 375, వెనక ఎడమ 410, వెనక కుడి 340. మొత్తం 1540. ఎడమ పక్క రెండూ కలిపితే 825, అంటే 53.6 శాతం. మలుపులో బరువంతా కుడికి పోతుంది కాబట్టి నిలబడ్డప్పుడే ఎడమకి ఎక్కువ ఉంచుకుంటారు. ఎంత ఉంచొచ్చో నియమాల్లో హద్దు ఉంది, లేకపోతే సీసం దిమ్మలన్నీ ఎడమకే బిగించేసేవాళ్ళు.

దానికంటే ముఖ్యమైంది ఐమూల బరువు. ముందు కుడి, వెనక ఎడమ కలిపితే 785, మొత్తంలో 51 శాతం. దీన్నే వెడ్జ్ అంటారు. నాలుగు కాళ్ళ బల్లకి ఒక కాలి కింద అట్టముక్క పెట్టండి: ఆ కాలూ, దాని ఐమూలనున్న కాలూ బరువు మోస్తాయి, మిగతా రెండూ తేలికవుతాయి. వెనక ఎడమ స్ప్రింగు మీదున్న పెద్ద బోల్టు ఒక చుట్టు బిగిస్తే జరిగేది అదే. వెనక ఎడమ, ముందు కుడి బరువెక్కుతాయి. మొత్తం బరువు మారదు, ఎడమ శాతం మారదు, ఐమూల మాత్రం మారుతుంది. వెడ్జ్ పెరిగితే మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు వెనక భాగం గట్టిగా పట్టుకుంటుంది. మరీ పెరిగితే ముందు చక్రాలు తిరగవు, బండి బయటి గోడ వైపు దోసుకుపోతుంది.

ఆ నాలుగు కాటాల కొలత తప్పు రావడం చాలా తేలిక. నేల సమంగా లేకపోతే అంకెలన్నీ అబద్ధమే. నాలుగు కాటాల పైభాగాలు ఒకే మట్టంలో ఉన్నాయో లేదో చూడటానికి మన తాపీ మేస్త్రీలు వాడే నీళ్ళ ట్యూబు సరిపోతుంది. తేడా ఉంటే రేకు ముక్కలు పెట్టి సరిచేయాలి. టైర్లలో రేసుకి పెట్టే గాలే ఉండాలి. డ్రైవరు సీట్లో కూర్చోవాలి, లేదంటే అంత బరువు సీట్లో పెట్టాలి. ట్యాంకులో ఎంత పెట్రోలు ఉందో రాసుకోవాలి, ఎందుకంటే 68 లీటర్ల ట్యాంకు వెనకుంటుంది, నిండుగా ఉంటే యాభై కిలోలు. బండి ఒక పక్కకి ఒరగకుండా పట్టే ముందు యాంటీ రోల్ బార్ లింకు ఒకటి విప్పేయాలి, లేకపోతే అది మెలితిరిగి దొంగ బరువు చూపిస్తుంది. జాకీ దించాక బండిని ముందుకీ వెనక్కీ దొర్లించి, పైనుంచి నాలుగు సార్లు నొక్కి, అప్పుడు అంకె చూడాలి. జాకీ దించగానే చూసిన అంకె పనికిరాదు, టైర్లు నేలని పట్టుకుని పక్కకి బిగుసుకుని ఉంటాయి.

రేసులో బండి మలుపు తిరగనంటే టైట్ అంటారు, వెనక భాగం జారి తిరగబోతే లూజ్. రేడియోలో డ్రైవరు నోట సగం మాటలు ఈ రెండే. ఎక్కడ టైటో వినాలి. మలుపు మొదట్లోనా, మధ్యలోనా, బయటికొచ్చేటప్పుడా అన్నదాన్ని బట్టి మందు మారుతుంది. పిట్‌లో బండి వెనక ఉన్న కంతలోంచి పొడుగాటి స్పానరు దూర్చి తిప్పడం చూస్తారు. అది అర చుట్టో, ఒక చుట్టో వెడ్జ్. లేదా ట్రాక్ బార్ ఎత్తడం, దించడం. బార్ పైకెత్తితే వెనక భాగం లూజ్ అవుతుంది, దించితే పట్టు పెరుగుతుంది.

టైర్లు గుడ్‌ఇయర్ ఇస్తుంది, అందరికీ అవే. పదిహేనంగుళాల ఇనుప డిస్కు, ఐదు నట్లు. గాళ్ళు లేని నున్నటి టైరు, వాన పడి పెద్ద ఓవల్ తడిస్తే ఆపేస్తారు. 2023 నుంచి కొన్ని చిన్న ఓవళ్ళ మీద మాత్రం తడికి గాళ్ళున్న టైర్లు వేస్తున్నారు. వెనక కుడి టైరు చుట్టుకొలత వెనక ఎడమ దాని కంటే ఎక్కువ, ఈ తేడా పేరు స్టాగర్. వెనక రెండు చక్రాలూ కలిసి తిరిగేలా డిఫరెన్షియల్ లాక్ అవుతుంది కాబట్టి ఈ తేడా లేకపోతే మలుపులో ఒక టైరు ఈడ్చుకుంటూ రావాల్సిందే. ఎంత ఉండాలి? చక్రాల మధ్య మీటరున్నర, టైరు చుట్టు 2.2 మీటర్లు అనుకుని లెక్క వేయండి. మార్టిన్స్‌విల్‌కి రెండు అంగుళాల పైన వస్తుంది. డేటోనాకి సెంటీమీటరు దగ్గరే ఆగుతుంది. మార్టిన్స్‌విల్ లెక్కని పూర్తిగా పెడితే తిన్నటి దారిలో బండి లోపలికి ఈడుస్తుంది, బ్రేకు మీద వెనక భాగం తిరుగుతుంది. కాబట్టి కాగితం మీద వచ్చినదానికంటే తక్కువతోనే సర్దుకుంటారు. సన్నటి ఉక్కు టేపు టైరు చుట్టూ మధ్యలో వేసి, ఒకే గాలి దగ్గర, ఒకే వేడిలో కొలవాలి. ఎండలో ఉన్న టైరునీ నీడలో ఉన్న టైరునీ పక్కపక్కన కొలిస్తే ఆ తేడా పనికిమాలింది. రేడియల్ టైరు గాలి పెంచినంత మాత్రాన పెద్దగా పెరగదు, అందుకే వచ్చిన సెట్లలోంచే జత ఏరుకుంటారు.

గాలి అన్నాను గానీ పోసేది నైట్రోజన్, అదీ తేమ లేనిది. కంప్రెసర్ గాలిలో తేమ ఉంటుంది, వేడెక్కితే ఆవిరై ఒత్తిడిని ఇష్టమొచ్చినట్టు పెంచుతుంది. పొడి వాయువైతే లెక్క కడతాం. 30 డిగ్రీల దగ్గర 25 పీఎస్ఐ పెట్టిన టైరు 100 డిగ్రీలకి వెళితే 34 అవుతుంది. వాతావరణ ఒత్తిడి 14.7 కలిపి గుణించి, మళ్ళీ తీసేయాలి, చాలామంది కలపడం మర్చిపోయి తప్పు లెక్క వేస్తారు. ఎడమ టైర్లకి బాగా తక్కువ, కుడి టైర్లకి ఎక్కువ పెడతారు. మరీ తక్కువ పెడితే మొదటి ల్యాపుల్లో, అంటే ట్రాకు చుట్లలో, వేడెక్కేలోపు పక్క గోడ నలిగి లోపల దారాలు తెగుతాయి. అది అప్పుడే తెలీదు, ఇరవై ల్యాపుల తర్వాత పేలినప్పుడు తెలుస్తుంది. మైలు దాటిన పెద్ద ట్రాకుల మీద టైరు లోపల ఇంకో చిన్న టైరు, దానికి విడిగా గాలి. బయటిది పేలినా బండి నేలకి కూలకుండా అది మోస్తుంది.

ముందు కుడి చక్రం పైభాగం లోపలికి వాలి ఉంటుంది, ముందు ఎడమది బయటికి. రెండూ ఎడమకి వాలినట్టే. మలుపులో బండి కుడికి ఒరిగినప్పుడు టైరు పూర్తిగా నేలకి ఆనాలని ఇది. పిట్‌లోకి రాగానే టైరులో సూది గుచ్చి మూడు చోట్ల వేడి చూస్తారు: లోపలి అంచు, నడుమ, బయటి అంచు. నడుమ ఎక్కువ కాలితే గాలి ఎక్కువైంది. లోపలి అంచు మిగతావాటికంటే మరీ కాలితే వాలు ఎక్కువైంది. ఆ వాలు తగ్గించకుండా ఇంకో ముప్పై ల్యాపులు లాగిస్తే లోపలి అంచు బుడగలు లేస్తుంది, తీగలు బయటపడతాయి. ఓవల్ మీద ముందు కుడి టైరు పేలిన బండికి దారి ఒక్కటే, తిన్నగా గోడ. మీరు చూసే ప్రమాదాల్లో కొన్నిటికి మూలం ఇదే, డ్రైవరు కాదు.

మార్టిన్స్‌విల్‌లో ఇంకో జబ్బు. ల్యాపు ఇరవై సెకన్లు, ప్రతి ల్యాపులో రెండు సార్లు గట్టి బ్రేకు. రెండు వందల ల్యాపులకి నాలుగు వందల సార్లు. బ్రేకు డిస్కులు ఎర్రగా మెరుస్తాయి, ఆ వేడి రిమ్ముకి పాకి టైరు అంచుని కరిగిస్తుంది. ట్రెడ్ బాగానే ఉంటుంది, గాలి మాత్రం పోతుంది. గాలి గొట్టాలూ ఫ్యాన్లూ బ్రేకుల మీదికి తిప్పడం అందుకే. నాయుడుపేట దగ్గరో సింగరాయకొండ దగ్గరో లోడు లారీ హబ్బు వాసన రాగానే పక్కకి ఆపే డ్రైవర్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

గాలి తోపు సంగతి కొంచెం. ట్రక్కు పైన క్యాబిను, వెనక మూత వేసిన తొట్టి, చివర నిలువు రేకు. గాలిని చీల్చడానికి ఇంతకంటే మొండి ఆకారం కార్లలో లేదు. అందుకే ముందు బండి వెనక దాక్కుంటే లాభం చాలా ఎక్కువ. మలుపులో మాత్రం అదే ఎదురు తిరుగుతుంది: ముందు బండి గాలి తినేస్తే వెనక దాని ముక్కుని నొక్కే గాలి ఉండదు, టైట్ అవుతుంది. ముందు జాలీకి టేపు అంటిస్తే ముక్కు బాగా నొక్కుతుంది, రేడియేటరుకి గాలి తగ్గి నీళ్ళు కాగుతాయి. చూసేవాళ్ళు విసిరిన కాగితం వచ్చి జాలీకి అతుక్కున్నా ఇదే తంటా. డ్రైవరు ముందు బండి వెనక బంపరుకి దగ్గరగా వెళ్ళి, ఆ గాలి లేని చోట కాగితం రాలిపోయేలా చేస్తాడు.

పిట్ దారిలో వేగానికి హద్దుంది, మార్టిన్స్‌విల్‌లో గంటకి 30 మైళ్ళు. బండిలో స్పీడోమీటరు లేదు. ఏ గేరులో ఎన్ని ఆర్‌పీఎం దాటకూడదో ముందే లెక్క కట్టి లైట్లు పెట్టుకుంటారు. టైరు చుట్టుకొలత తప్పు వేస్తే ఆ లైట్లూ తప్పే, హద్దు దాటితే శిక్ష పడుతుంది. నట్లని ముందే జిగురుతో డిస్కుకి అంటించి ఉంచుతారు, గన్ను పెట్టగానే బిగుస్తాయి. జిగురు ఎక్కువైతే నట్టు మరలో చిక్కుకుంటుంది, తక్కువైతే రాలిపోతుంది. ఒక్క నట్టు సరిగా పడకపోయినా రెండు ల్యాపుల్లో స్టీరింగు వణుకుతుంది, మళ్ళీ లోపలికి రావాలి. అరమైలు ట్రాకు మీద పచ్చ జెండాలో, అంటే రేసు పూర్తి వేగంతో నడుస్తుండగా, అట్ట వస్తే రెండు మూడు ల్యాపులు పోయినట్టే. పెట్రోలు డబ్బా 42 లీటర్లది, పంపు లేదు, ఎత్తి గుచ్చితే దానంతటదే దిగుతుంది.

శుక్రవారం రాత్రి అక్కడ ఏడున్నరకి మొదలయ్యే రేసు మనకి శనివారం తెల్లవారి ఐదింటికి, చలికాలపు టైములో అయితే ఆరింటికి. 2017 నుంచి రేసుని మూడు భాగాలు చేశారు. మొదటి రెండింటి చివర ముందున్న పదిమందికి పది నుంచి ఒకటి దాకా పాయింట్లు. ప్రమాదం జరిగి అందర్నీ నెమ్మదించమనే పసుపు జెండా పడగానే ఎవరు లోపలికొచ్చారు, ఎవరు రెండు టైర్లే మార్చారు, ఎవరి బండి వెనక స్పానరు దూరింది, ఇవి చూడండి. పదహారేళ్ళ కుర్రాళ్ళు కూడా చిన్న ట్రాకుల మీద తోలతారు. మన దగ్గర లారీ లైసెన్సుకి ఇరవై నిండాలి.

రేసు అయ్యాక కూడా పని అయిపోదు. బరువు, ఎత్తు మళ్ళీ కొలుస్తారు. ముందు భాగం ఎంత కిందికి ఉంటే గాలి అంత బాగా నొక్కుతుంది కాబట్టి అందరూ హద్దు దగ్గర దాకా దించుతారు. 2019 జూన్‌లో అయోవాలో రాస్ చాస్టెయిన్ గెలిచిన బండి ముందు ఎత్తు చాలలేదు. గెలుపు రద్దు చేసి బ్రెట్ మోఫిట్‌కి ఇచ్చారు. తర్వాతి రేసు సెయింట్ లూయిస్ పక్కనున్న గేట్‌వేలో. అదీ చాస్టెయినే గెలిచాడు, ఈసారి కొలత సరిపోయింది.